కుక్క కరిచినా సూది వద్దన్న పెద్దాయన: ఒక న్యూరోపతీ కేసు

షుగర్‌తో కాళ్ల నరాలు దెబ్బతిన్నవాళ్లు (దీన్నే న్యూరోపతీ అంటాం) మా దగ్గరికి రోజూ వస్తూనే ఉంటారు. 2021 తర్వాత వాళ్లలో చాలామంది నోట ఒకటే మాట వింటున్నాను, "కరోనా సూదేసుకున్నప్పటి నుంచే మేడం" అని. ఆ మాటను తీసిపారేస్తే ఏమవుతుందో, కూర్చుని వింటే ఏం బయటపడుతుందో చెప్పడానికి ఈ కేసు రాస్తున్నాను. ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటి వైపు, కనిగిరి, పామూరు ప్రాంతం. నేనిక్కడ జనరల్ ఫిజీషియన్‌ని. రాయడానికి పెద్దాయన, వాళ్లింట్లోవాళ్లు ఒప్పుకున్నారు. పేరు, ఊరు చెప్పట్లేదు, గుర్తుపట్టే వివరాలు మార్చాను.

ఆయన వయసు 61. పొగాకు, కంది వేస్తారు. షుగర్ వచ్చి 14 ఏళ్లు. 2024 ఫిబ్రవరి, అంటే బ్యారన్లు (పొగాకు క్యూరింగ్ చేసే కొట్లు) మండే రోజులు. రాత్రంతా బ్యారన్ దగ్గర మంట చూసుకుని తెల్లవారుజామున ఇంటికొస్తుంటే వీధికుక్క వెంటపడింది. అదిలించారు, పంచె పట్టుకుని లాగి వదిలేసిందనుకున్నారు. ఇంటికొచ్చి చెప్పులు విడిచి లోపలికి నడిచారు. గచ్చు మీద వరసగా రక్తపు అడుగులు చూసి వాళ్లావిడ కేక పెడితే అప్పుడు కాలు చూసుకున్నారట. కుడి పాదం బయటి వైపు, చీలమండ కింద, రెండు లోతైన పళ్ల గాట్లు, పక్కన చర్మం చీలిక. నొప్పి లేదు. అరకిలోమీటరు నడిచినా లేదు.

గాయానికి సున్నం, పసుపు పెట్టి గుడ్డ కట్టేశారు. మూడో రోజుకి పాదం వాచింది. కోడలు పట్టుబట్టి తీసుకొస్తే వచ్చారు.

"పుండు కడిగి కట్టు కట్టమ్మా, మాత్రలియ్యి, మింగుతా. సూదులు మాత్రం వొద్దు. కరోనా సూదేసుకున్నాకే నా కాళ్లిట్టా అయినయ్యి, ఇంకోటి ఏస్తే మంచాన పడతా."

"నిన్నటినుంచి చెప్తానే ఉన్నాం మేడం, మామయ్య వినట్లా," అంది కోడలు. ఏడుపు ఆపుకుంటోంది.

ఇక్కడ వైద్యపరంగా తర్జనభర్జన ఏమీ లేదు. రక్తం వచ్చిన కుక్క కాటు కేటగిరీ 3, అంటే అన్నిటికంటే తీవ్రమైన రకం కిందికి వస్తుంది. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక బతికి బయటపడటం దాదాపు లేదు. మూడు రోజులైందని టీకా మానేయక్కర్లేదు, ఎప్పుడొస్తే అప్పుడే మొదలుపెట్టాలి. కాటు తర్వాత వేసే రేబిస్ టీకాకు ఫలానా జబ్బు ఉంటే వేయకూడదు అనే మినహాయింపే లేదు. గర్భిణికి వేస్తాం, పసిపిల్లలకి వేస్తాం, నరాల జబ్బున్నవాళ్లకీ వేస్తాం. ఇదంతా ఆయనకు ఒక్క ఊపులో చెప్పేసి, భయపెట్టి, సంతకం పెట్టించుకుని పంపేయొచ్చు. అలా పంపితే నేరుగా ఇంటికే వెళ్లేవారని ఆయన మొహం చూస్తే తెలుస్తోంది.

ముందు గాయం సంగతి చూశాం. కుళాయి కింద సబ్బుతో పావుగంట కడగాలి, మూడో రోజైనా సరే. సున్నం పెళుసులు పట్టుకుని ఉన్నాయి, నర్సు గాజుగుడ్డతో రుద్ది తీస్తోంది. చూసేవాళ్లకే ఒళ్లు జలదరించే గాయం. ఆయన మాత్రం కాలు ఇంకెవరిదో అన్నట్టు నా వైపు తిరిగి, ఈ ఏడు పొగాకు రేటు గురించి మాట్లాడుతున్నారు. ఆ పావుగంటలో నేను అడిగింది ఒకటే ప్రశ్న, "మంటలు మొట్టమొదట ఎప్పుడొచ్చాయి బాబాయ్?"

"కరోనా సూదేసినాక."

"పాత చీటీలు ఉన్నాయా ఇంట్లో?"

చీటీలు పారేసే ఇల్లు మా వైపు ఉండదు. కొడుకు బండి మీద వెళ్లి ఒక నీలం క్యారీబ్యాగు తెచ్చాడు. దాన్నిండా మందుల చీటీలు, ల్యాబు రిపోర్టులు, ఎక్స్‌రేల కవర్లు, వాటి మధ్యలో కరెంటు బిల్లులు కూడా. నేలమీద పరిచి సంవత్సరాల వారీగా సర్దాం. 2018 నవంబరు చీటీ మీద ఒక డాక్టరు రాసిందేమిటంటే, ఆరు నెలలుగా అరికాళ్ల మంటలు. కింద గాబాపెంటిన్, బీ కాంప్లెక్స్. 2019లో ఇంకో చీటీ, అదే కంప్లైంట్, ఈసారి "చెప్పు జారిపోయినా తెలియట్లేదు" అని కూడా ఉంది. దేశంలో కోవిడ్ టీకాలు మొదలైంది 2021 జనవరి 16న. 45 ఏళ్లు దాటినవాళ్లందరికీ ఇవ్వడం ఆ ఏప్రిల్ 1 నుంచి. అంటే ఆయన మొదటి డోసుకి మూడేళ్ల ముందే నరాలు మొర పెట్టుకుంటున్నాయి.

ఆ చీటీ చేతికిచ్చాను. కొడుకు చదివి వినిపించాడు. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అయితే అప్పుడు మంటలు గొంచెం. సూదేసినాకే గదమ్మా నిద్ర పోయింది" అన్నారు.

ఇది కూడా నిజమే. చీటీలు అదే చెబుతున్నాయి. ఏప్రిల్‌లో మొదటి డోసు, మే నెలలో కోవిడ్. ఆక్సిజన్ పడిపోయి ఆస్పత్రిలో చేరారు, స్టెరాయిడ్లు ఇచ్చారు, షుగర్ 400 దాటింది, ఇన్సులిన్ ఎక్కించారు, ఇంటికొచ్చాక నెలన్నర మంచం దిగలేదు. మంటలు ముదిరింది జూన్, జులైలలో. ఆయన మనసులో ఆ ఏడాదంతా ఒక్క ముద్దగా కలిసిపోయింది, దాన్లో గుర్తు పెట్టుకోవడానికి తేలికగా ఉన్నది సూది. విడదీసి చూస్తే నరాలను దెబ్బతీయగలిగినవి అక్కడ మూడు నాలుగు ఉన్నాయి. కోవిడ్ స్వయంగా ఒకటి, స్టెరాయిడ్లతో ఎగిసిన షుగర్ ఒకటి. బాగా ఎక్కువగా ఉన్న షుగర్‌ని ఇన్సులిన్‌తో చకచకా దించినా కాళ్ల మంటలు హఠాత్తుగా పెరుగుతాయి, ఇది డాక్టర్లలో కూడా చాలామందికి గుర్తుకు రాదు.

అయినా సూది ఊసెత్తితే చాలు, తల అడ్డంగా ఊపుతూనే ఉన్నారు. అప్పుడు వాళ్లావిడ చెప్పింది అసలు సంగతి.

ఆయన కుర్రవాడిగా ఉన్నప్పుడు వాళ్ల చిన్నాయన్ని పిచ్చికుక్క కరిచింది. పెద్దాసుపత్రిలో బొడ్డు చుట్టూ 14 సూదులు మొదలుపెట్టారు. సూదులు పూర్తికాకముందే రెండు కాళ్లూ పడిపోయాయి. ఆ చిన్నాయన్ని మంచం మీద పెట్టి పొలం దగ్గరికి మోసుకెళ్లిన నలుగురిలో ఈయన ఒకరు.

ఈ మాట విన్నాక నేను ఆయన భయాన్ని వాట్సాప్ భయం అనుకోలేను. ఎందుకంటే అది జరిగేది. ఆ రోజుల్లో మన దగ్గర వాడింది సెంపుల్ టీకా. డేవిడ్ సెంపుల్ కసౌలీలో 1911లో తయారుచేసిన పద్ధతి, గొర్రె మెదడులో రేబిస్ వైరస్‌ని పెంచి, చంపి, ఆ మెదడు ముద్దనే మందుగా ఎక్కించేవారు. దానిలో నరాల పైపొర పదార్థం, మైలిన్, కలిసే ఉండేది. కొందరి ఒంట్లో రక్షణ వ్యవస్థ ఆ గొర్రె మైలిన్ మీద దాడి మొదలుపెట్టి, చివరికి సొంత నరాల మీద, వెన్నుపాము మీద పడేది. కొన్నిచోట్ల వేలమందిలో ఒకరికి, కొన్నిచోట్ల వందల్లోనే ఒకరికి ఇలా పక్షవాతం వచ్చినట్టు రికార్డులున్నాయి. తెలిసి కూడా ఎందుకు వేశారంటే, వేయకపోతే చావు ఖాయం, వేరే టీకా పేదవాడికి అందుబాటులో లేదు. మన దేశం ఆ టీకాను 2004 చివర్లో ఆపేసింది. ఇప్పటివి ప్రయోగశాలలో పెంచిన కణాల మీద, వీరో కణాలో కోడిపిండం కణాలో, తయారయ్యేవి. వాటిలో మెదడు పదార్థం ఉండదు. బొడ్డు దగ్గర పొడిచే పనిలేదు, చేతికే.

ఇదంతా ఆయనకు చెప్పాను, దాచకుండా. "మీ చిన్నాయనకు ఆ మందు వల్లే కాళ్లు పడిపోయి ఉండొచ్చు బాబాయ్, ఆ మందు ఇప్పుడు లేదు" అన్నాను. ఆయన, "గొర్రె మెదడా?" అని రెండుసార్లు అడిగారు. ఇన్నేళ్లలో ఎవరూ చెప్పలేదట. తర్వాత చొక్కా చేయి పైకి మడుచుకున్నారు.

ఆ రోజే ప్రభుత్వాసుపత్రికి పంపి రేబిస్ ఇమ్యునోగ్లోబ్యులిన్ (వైరస్‌ని అడ్డుకునే రెడీమేడ్ యాంటీబాడీలు) గాయం లోపలా చుట్టూ ఇప్పించాం. టీకా మొదటి డోసు రెండు చేతులకీ చర్మంలోకి. చర్మంలోకి వేసే పద్ధతిలో 0, 3, 7, 28 రోజులు. ధనుర్వాతం రాకుండా టీడీ సూది కూడా వేశారు. గాయానికి కుట్లు వేయించలేదు, కుక్క కాటుకి వీలైనంతవరకు వేయకూడదు. యాంటీబయాటిక్ మొదలుపెట్టాను.

పరీక్షలో ఏం కనిపించింది

కాళ్ల తిమ్మిరి అంటే షుగర్ అని రాసేయడం తేలిక. మా ప్రాంతంలో అలా రాసేస్తే కొందరికి అన్యాయం జరుగుతుంది. ఈ దేశంలో ఫ్లోరోసిస్‌ని మొట్టమొదట 1937లో గుర్తించింది ఉమ్మడి మద్రాసులోని నెల్లూరు జిల్లాలో. కనిగిరి, పొదిలి, దర్శి అప్పట్లో ఆ జిల్లాలోవే, ప్రకాశం ఏర్పడింది 1970లో కదా. బోరు నీళ్ల ఫ్లోరైడ్‌తో వెన్నెముక గట్టిపడి వెన్నుపామును నొక్కితే కూడా కాళ్లు మొద్దుబారతాయి, నడక పోతుంది. తేడా తెలిసేది సుత్తితో. వెన్నుపాము నొక్కుకుపోతే మోకాలు, మడమ రిఫ్లెక్సులు ఎగిరిపడతాయి. నరాల చివర్లు చచ్చుబడితే మడమ రిఫ్లెక్సు రానే రాదు. ఈయనకు మడమల్లో రిఫ్లెక్సు లేదు, మోకాళ్లలో ఉంది. పళ్లకు గార ఉంది గానీ మెడ, నడుము బాగానే వంగుతున్నాయి, ముంజేతి ఎక్స్‌రేలో ఫ్లోరోసిస్ గుర్తులు పెద్దగా లేవు. కుష్ఠు కోసం చర్మం మీద మచ్చలు, మోకాలి పక్కన నరం లావెక్కిందేమో తడిమి చూశాను, లేదు. మద్యం అలవాటు లేదు. పొలంలో పురుగుమందు కొట్టేది కూలీలే.

స్పర్శ చూసే నైలాన్ పోగు, 10 గ్రాముల మోనోఫిలమెంట్, అరికాళ్లలో ఎక్కడా తెలియలేదు. 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్క్ కంపనం బొటనవేళ్ల మీద తెలియలేదు, చీలమండ దగ్గర కొద్దిగా. కళ్లు మూసుకుని నిలబడమంటే ఊగారు. అంటే మంట, నొప్పి తెలిపే సన్న నరాలే కాదు, కంపనం, నిలకడ తెలిపే లావు నరాలు కూడా పోతున్నాయి. ఒంగోలులో చేయించిన నెర్వ్ కండక్షన్ పరీక్ష (నరాల్లో సంకేతాలు ఎలా పోతున్నాయో చూసేది) కూడా పొడవాటి నరాల చివర్లనుంచి మొదలైన దెబ్బ అనే చెప్పింది.

రక్తపరీక్షల్లో హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పేది) 10.2. హిమోగ్లోబిన్ 10.8, ఎర్రకణాల సైజు 104కి పెరిగి ఉంది. బీ12 విటమిన్ తగ్గితే ఎర్రకణాలు ఇలా పెద్దవవుతాయి, అందుకని బీ12 పరీక్షకి పంపాను. 142 వచ్చింది, 200 కంటే తక్కువంటే లోపమే. బీ12 లోపంతో కూడా నరాలు దెబ్బతింటాయి.

బీ12 మాంసంలో దొరుకుతుంది. ఈయన వారం వారం వేట మాంసం తినే మనిషి, అందుకే ఇన్నేళ్లలో ఎవరికీ బీ12 అనుమానం రాలేదేమో. చీటీలు మళ్లీ తిరగేస్తే, 11 ఏళ్లుగా రోజుకి 2000 మిల్లీగ్రాముల షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్, దాంతోపాటు ఏళ్ల తరబడి పరగడుపున గ్యాస్ మాత్ర. మెట్‌ఫార్మిన్ చిన్నపేగు చివర్లో బీ12 ఒంటికి పట్టకుండా అడ్డుకుంటుంది, గ్యాస్ మాత్ర కడుపులో యాసిడ్ తగ్గించి దానికి తోడవుతుంది. బీ12 లోపం మెట్‌ఫార్మిన్‌కి సాధారణంగా వచ్చే దుష్ప్రభావమేనని బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ 2022 జూన్‌లో హెచ్చరించింది కూడా. ఇక్కడ నాకు బలంగా అనిపించిన సంగతి ఇదే. "ఏదో మందు నా నరాల్ని పాడుచేసింది" అన్న ఆయన అనుమానంలో సగం నిజం ఉంది. మందు వేరు, అంతే. ఆ అనుమానాన్ని మొదట్లోనే కొట్టిపారేసి ఉంటే బీ12 దాకా వచ్చేవాళ్లం కాదు.

మెట్‌ఫార్మిన్ ఆపలేదు. మంచి మందు, ఈ ఒక్క కారణానికి ఆపక్కర్లేదు. బీ12 ఇంజెక్షన్లు 1000 మైక్రోగ్రాములవి మొదట రోజు మార్చి రోజు, తర్వాత వారానికి, తర్వాత నెలకి. గ్యాస్ మాత్ర మెల్లగా మాన్పించాను. మంటలకు రాత్రిపూట ప్రీగాబాలిన్ 75. అమిట్రిప్టిలిన్ చౌకైనది, బాగానే పనిచేస్తుంది, కానీ ఈయనకు ప్రోస్టేట్ ఇబ్బంది ఉంది, ఇస్తే మూత్రం బిగుసుకుపోతుంది. షుగర్‌ని తొందరపడి దించలేదు, మూడు నెలల్లో హెచ్‌బీఏ1సీ రెండు పాయింట్లకు మించి తగ్గకుండా చూసుకున్నాను.

మూడో డోసు తర్వాత

ఏడో రోజు డోసు పడిన రాత్రి నుంచి మంటలు రెచ్చిపోయాయి. మర్నాడు పొద్దున్నే వచ్చారు, "చెప్పలా నీకు?" అంటూ. గొంతులో కోపం కంటే భయం ఎక్కువ.

ఇలాంటప్పుడు ఫోన్లోనే "ఏం కాదులే" అనేస్తాం. అనకూడదు, రప్పించి చూడాలి. టీకా తర్వాత నిజంగా భయపడాల్సింది గిలియన్ బారీ సిండ్రోమ్, జీబీఎస్, రక్షణ వ్యవస్థ సొంత నరాల మీద పడే జబ్బు. అందులో మంటకన్నా ముఖ్యం బలహీనత. కాళ్లతో మొదలై పైకి పాకుతుంది, రోజురోజుకీ పెరుగుతూ నాలుగు వారాల్లోపు పతాక స్థాయికి చేరుతుంది. ఉన్న రిఫ్లెక్సులు పోతాయి. కొందరికి మొహం రెండు పక్కలా పడిపోతుంది. 2021లో కోవిషీల్డ్ మొదటి డోసు తర్వాత రెండు వారాల్లో ఇలా వచ్చిన ఏడుగురి గురించి కేరళ న్యూరాలజిస్టులు రాశారు. ఈయన్ని కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవమన్నాను, లేచారు. మడమల మీద నడిచారు, మొదటి రోజు ఎంత బలం ఉందో అంతే. మోకాలు రిఫ్లెక్సు అలాగే ఉంది. కళ్లు గట్టిగా మూయగలుగుతున్నారు, బుగ్గలు పూరించగలుగుతున్నారు. జ్వరం 100, షుగర్ 280. అంటే టీకా జ్వరం, పెరిగిన షుగర్ కలిసి, ముందే దెబ్బతిని ఉన్న నరాల్ని రెచ్చగొట్టాయి. ఇది కూడా టీకా ప్రభావమే, కాదనలేదు. పారాసిటమాల్ ఇచ్చాను, రెండు రాత్రుల్లో సద్దుమణిగింది. మెట్లెక్కలేకపోయినా, మింగడం కష్టమైనా, ఆయాసమొచ్చినా అర్ధరాత్రయినా ఫోన్ చేయమని కొడుకుకి చెప్పి పంపాను. 28వ రోజు డోసుకి ఆయనే వచ్చారు.

కోవిడ్ టీకా, జీబీఎస్ సంగతి కూడా అంకెలతోనే చెప్పాను. ఆస్ట్రాజెనెకా టీకాకు, అంటే మన కోవిషీల్డ్‌కి, జీబీఎస్ చాలా అరుదైన దుష్ప్రభావమని యూరప్ మందుల సంస్థ 2021 సెప్టెంబరులో చేర్చింది. ఇంగ్లండ్‌లో చేసిన పెద్ద అధ్యయనంలో కోటిమందికి ఆ టీకా తర్వాత 38 మంది చొప్పున అదనంగా జీబీఎస్ కనిపిస్తే, కోవిడ్ సోకినవాళ్లలో కోటికి 145 మంది. ప్రమాదం లేదని కాదు, జబ్బుతో వచ్చే ప్రమాదం అంతకంటే ఎక్కువ. ఆయనకు వచ్చింది జీబీఎస్ కాదు, ఏళ్ల తరబడి మెల్లగా ముదిరిన దెబ్బ. టీకా తర్వాత సన్న నరాలు దెబ్బతిన్నట్టు విడిగా కేసు రిపోర్టులు ఉన్నాయి గానీ, వాటితో టీకాయే కారణమని తేలలేదు.

2024 ఏప్రిల్ చివర్లో, తన టీకాకు అరుదైన దుష్ప్రభావం ఉందని ఆస్ట్రాజెనెకా బ్రిటన్ కోర్టులో ఒప్పుకుందన్న వార్త వచ్చింది. కొడుకు ఫోన్ పట్టుకుని ఇద్దరూ వచ్చారు. అది ప్లేట్‌లెట్లు పడిపోయి రక్తం గడ్డకట్టే సమస్య, టీకా వేసిన కొద్ది వారాల్లో వచ్చేది, 2021 నుంచే తెలిసినది, నరాలకు సంబంధం లేదని చెప్పాను. మూడేళ్ల తర్వాత దాని గురించి ఆయన భయపడక్కర్లేదు.

ఇంకో పని కూడా చేశాను. ఆయన అనుమానాన్ని రికార్డు చేయించాను, 2018 చీటీ తేదీతో సహా. మందు వల్లో టీకా వల్లో ఏదైనా జరిగిందనుకుంటే ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం (మందుల దుష్ప్రభావాలను నమోదు చేసేది) హెల్ప్‌లైన్ 1800-180-3024కి పేషెంటే ఫోన్ చేసి చెప్పొచ్చు, అనుమానం చాలు, రుజువు చూపించక్కర్లేదు. కారణమా కాదా తేల్చడం వాళ్ల పని. మన వైపు డాక్టర్లు ఇది చేయరు, "రాస్తే ఏమవుతుందో" అని జంకుతారు. రాయకపోవడం వల్లే జనానికి ఏదో దాస్తున్నారనిపిస్తుంది.

ఇప్పుడెలా ఉన్నారు

గాయం మానడానికి రెండు నెలలు పట్టింది, షుగర్ పాదం కదా. ఆరు నెలలకి బీ12 మామూలుకొచ్చింది, హెచ్‌బీఏ1సీ 7.9. రాత్రిళ్లు నిద్ర పడుతోంది, మంటలు సగానికి పైగా తగ్గాయంటారు. కళ్లు మూసుకుని నిలబడితే మునుపంత ఊగట్లేదు. అరికాళ్ల స్పర్శ మాత్రం రాలేదు, వస్తుందని నేను మాటివ్వలేదు. అందుకే పాదాల కాపలా ముఖ్యం. ఎంసీఆర్ చెప్పులు (మెత్తటి రబ్బరు అట్టవి), బ్యారన్ దగ్గర బూట్లు, వేణ్ణీళ్లలో కాళ్లు పెట్టడం బంద్. రోజూ రాత్రి పాదాలు చూసే పని కోడలు చేస్తానంది గానీ ఆయన ఒప్పుకోలేదు, కోడలి చేత కాళ్లు పట్టించుకుంటారా అని. వాళ్లావిడ చూస్తోంది. ఒకసారి వేళ్ల సందులో ముల్లు ఆమే పట్టుకుంది.

టీకాల గురించి ఇప్పుడు ఆయనే అడుగుతున్నారు. షుగర్ న్యూరోపతీ ఉందని ఫ్లూ టీకాగానీ న్యుమోనియా టీకాగానీ మానక్కర్లేదు. గతంలో టీకా వేసుకున్న ఆరు వారాల్లో జీబీఎస్ వచ్చి ఉంటే మాత్రం ఆ టీకా గురించి న్యూరాలజిస్టుతో మాట్లాడాకే నిర్ణయించాలి. ఆయనకు ఆ చరిత్ర లేదు. ఫ్లూ టీకా వేయించుకున్నారు, న్యుమోనియాది పంట డబ్బులొచ్చాక అన్నారు. కోవిడ్ సూది మీద అనుమానం పూర్తిగా పోలేదు, "కొంత దాని వాటా కూడా ఉంటదిలే అమ్మా" అంటారు. నేను వాదించను. వచ్చే నెల కళ్ల పరీక్ష, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష ఉన్నాయి, క్రియాటినిన్ 1.3 దగ్గర ఉంది కాబట్టి అది పెరిగితే ప్రీగాబాలిన్, మెట్‌ఫార్మిన్ రెండిటి డోసూ తగ్గించాలి.